ఆది జాకెట్టు నుంచి డబులెక్సెల్ దాకా

అమీర్‌పేట మైత్రీవనం దగ్గర తలెత్తితే జావా, శాప్, ఒరాకిల్, పైథాన్ బోర్డులు. తల దించితే మెట్ల కింద, జిరాక్స్ షాపు పక్కన, సందు మలుపులో ఒక కుట్టుమిషన్. దానికి బోర్డుంటే ఉంటుంది, లేకపోతే లేదు. పై అంతస్తుల్లోని కోచింగుల గురించి పాతికేళ్లుగా పత్రికలు రాస్తూనే ఉన్నాయి, సినిమాలూ వచ్చాయి. కింది మిషన్ ఊసు మాత్రం వాటిలో అరుదు. ఇంటర్వ్యూకు ముందురోజు సాయంత్రం ఆ మిషన్ దగ్గర కాసేపు నిలబడితే మరో చరిత్ర కనపడుతుంది. భుజం జారిపోతున్న కుర్తీ, నడుం దగ్గర వదులై తొడల దగ్గర బిగిసిన ప్యాంటు, ఛాతీ దగ్గర గుండీల మధ్య నోరు తెరుస్తున్న తెల్లచొక్కా, అన్నీ అక్కడికే వస్తాయి. "అన్నా, పొద్దున తొమ్మిదికి ఇంటర్వ్యూ" అన్న మాట అక్కడ రోజూ వినపడేదే.

ఉద్యోగానికి వెళ్లే ఆడమనిషి ఒంటికి బట్టను సరిపెట్టే పని ఎవరు చేయాలి? చీర కాలంలో ఆ పని కట్టుకునే మనిషిది, టైలర్‌ది. రెడీమేడ్ వచ్చాక అది కంపెనీ చేతికి వెళ్లినట్టు కనిపించింది. నిజానికి వెళ్లలేదు. అమీర్‌పేట, పంజాగుట్టల మధ్య ఉన్న కిలోమీటరున్నర రోడ్డు మీద ఈ చేతులు మారడాన్ని దాదాపు అరవై ఏళ్ల పొడవునా చూడొచ్చు.

కంప్యూటర్లు రాకముందు ఈ ప్రాంతం ఊరికి పడమటి అంచు. 1950ల చివరికి అమీర్‌పేటలో సారథీ స్టూడియోస్ వెలిసింది. ఇటు సనత్‌నగర్ కార్ఖానాలు, అటు బేగంపేట విమానాశ్రయం. పంజాగుట్టలో 1964లో నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి తెరిచారు. తర్వాత నిమ్స్ అయింది అదే. ఎర్రమంజిల్ చుట్టూ సర్కారీ ఇంజనీర్ల ఆఫీసులు. 1969లో బ్యాంకుల జాతీయీకరణ తర్వాత కొత్త బ్రాంచీలు పుట్టుకొచ్చాయి. టైపిస్టులు, టీచర్లు, నర్సులు, టెలిఫోన్ ఆపరేటర్లు, బ్యాంకు క్లర్కులు: ఉద్యోగం చేసే ఆడవాళ్లంటే అప్పట్లో ప్రధానంగా వీళ్లే. ఊరుగాని ఊళ్లో కొలువు చేసేవాళ్లకు హాస్టళ్లు కట్టడానికి కేంద్రం 1972-73లో వర్కింగ్ ఉమెన్స్ హాస్టళ్ల పథకం పెట్టిందంటే, అలాంటివాళ్ల సంఖ్య కంటికి కనపడేంత పెరిగిందనే అర్థం.

వాళ్లందరి ఆఫీసు దుస్తు ఒకటే, చీర.

ఐదున్నర మీటర్ల చీరకు సైజు లేదు. నలభై కిలోల అమ్మాయీ, తొంభై కిలోల పెద్దావిడా ఒకే దుకాణంలో ఒకే చీర కొనుక్కోవచ్చు. సన్నగా ఉన్నామెకు కుచ్చిళ్లు రెండు ఎక్కువొస్తాయి, లావుగా ఉన్నామెకు రెండు తగ్గుతాయి. పొట్టిగా ఉంటే పైన కాస్త ఎక్కువ దోపుకుంటారు. నెలలు నిండుతున్నప్పుడు కట్టు వదులవుతుంది, కాన్పయ్యాక మళ్లీ బిగుస్తుంది. ఒంటి మార్పుల లెక్కంతా కట్టులోనే సరిపోతుంది. మంగళగిరి, వెంకటగిరి, నారాయణపేట నేతచీరలకు గంజి పెట్టి ఇస్త్రీ చేయించి కట్టుకోవడం ఒక తరం టీచర్లకు, ఆఫీసరమ్మలకు గౌరవ చిహ్నమైంది. చేనేత సహకార సంస్థ ఆప్కో 1976లో వచ్చాక ఆ చీరలు జిల్లా కేంద్రాల్లోనూ అందాయి. గంజి చీర అందరికీ పడేది కాదనీ చెప్పాలి. బక్కగా ఉన్నవాళ్లకు నిండుదనం తెచ్చేది. లావుగా ఉన్నవాళ్లు మాత్రం ఒంటికి అతుక్కుని జారే వాయిల్, జార్జెట్‌లే మేలనేవాళ్లు. చీరలో కూడా ఒంటిని బట్టి ఎంపిక ఉంది, కానీ ఆ ఎంపిక దుకాణంలో చీటీ మీద అంకెగా రాసి ఉండేది కాదు.

సైజు సమస్యంతా జాకెట్టులో ఉంది. అక్కడ మాత్రం పావు అంగుళం తేడా వచ్చినా రోజంతా నరకమే. చంక దగ్గర బిగిస్తే బస్సులో పైకమ్మీ పట్టుకోవడం కష్టం. మెడ వెడల్పయితే భుజం జారుతుంది. ముందు భాగంలో డాట్ల లోతు తప్పితే గుడ్డ ఒకచోట ముడత పడి మరోచోట లాగుతుంది. ఎనభై సెంటీమీటర్ల ముక్కలో ఇవన్నీ కుదరాలి. ఒంటితీరును బట్టి కటింగ్ మాస్టర్ ఎంచుకునే దారులు వేరువేరు. మామూలుగా డాట్లతో కుట్టడం ఒకటి. ఛాతీ ఎక్కువున్నవాళ్లకు ముందు భాగాన్ని వేరే ముక్కగా కోసి అతికించే కటోరీ ఒకటి. గుడ్డను ఐమూలగా కోసి కాస్త సాగేలా చేసే క్రాస్ కటింగ్ ఇంకొకటి. క్రాస్ కటింగ్‌కు ముక్క ఎక్కువ పడుతుంది. అందుకే మ్యాచింగ్ సెంటర్‌లో కొందరికి ఎనభై చాలదు, మీటరు కోయించుకోవాల్సిందే.

ఇక్కడ ఆది జాకెట్టు గురించి ఆగి చెప్పుకోవాలి. తెలుగు నేల మీద ఆడవాళ్ల కుట్టుపని చాలాభాగం టేపు మీద నడవలేదు, ఆది మీద నడిచింది. బాగా కుదిరిన పాత జాకెట్టునొకదాన్ని కొత్త ముక్కతో కలిపి సంచిలో పెట్టి ఇచ్చేవాళ్లు. "ఆది ప్రకారమే, చేతులు మాత్రం అర ఇంచు పొడుగు, నడుం ఒక ఇంచు లూజు." అంతే. టైలర్ దాన్ని కొత్త గుడ్డ మీద పరిచి సుద్దతో గీసుకునేవాడు. లేడీస్ టైలర్లు చాలావరకు మగవాళ్లే అయినచోట, టేపుతో కొలత ఇవ్వడానికి మొహమాటపడిన ఆడవాళ్లకు ఆది జాకెట్టు మధ్యవర్తి. ఆ మొహమాటం ఎంత బలమైనదో 1980ల మధ్యలో వంశీ తీసిన 'లేడీస్ టైలర్' సినిమా విజయమే చెబుతుంది. కథానాయకుడికి ఆ వృత్తి ఇవ్వగానే సగం హాస్యం దానంతటదే పుట్టింది.

ఆదికి ఇంకో లక్షణం ఉంది. అది ఒకే మనిషి ఒంటి రికార్డు. ఆమె కుడి భుజం ఎడమ భుజం కన్నా కాస్త వాలి ఉంటే ఆ వాలు కూడా అందులో ఉంటుంది. మంచి టైలర్ పక్కల్లో గుడ్డ కోసెయ్యకుండా లోపల వదిలి, వరసగా మూడు నాలుగు కుట్లు వేసేవాడు. లావైతే లోపలినుంచి ఒక్కో కుట్టు విప్పుకోవడమే. ఆ పని చాలా ఇళ్లలో బ్లేడుతో ఆడవాళ్లే చేసుకునేవాళ్లు. పిల్ల పుట్టి మళ్లీ ఆఫీసుకు వెళ్లే తల్లికి ఆ లోపలి కుట్లు ఎంత డబ్బు ఆదా చేశాయో లెక్కగట్టినవాళ్లు లేరు.

యూనిఫాం ఇచ్చే సంస్థలు ఈ చిక్కును మరోలా దాటేశాయి. ఒంటికి కొలిచి కుట్టించే తలనొప్పి పెట్టుకోకుండా, పైన వేసుకునే వదులు దుస్తు ఒకటి ఇచ్చాయి. ఆసుపత్రుల్లో డాక్టర్ల తెల్లకోటు అలాంటిదే, వకీళ్ల నల్లకోటూ అంతే. కింద చీరైనా, చుడీదారైనా ఆ కోటు కప్పేస్తుంది. ఆర్టీసీలో మహిళా కండక్టర్లకు వచ్చిన ఖాకీ ఆప్రాన్‌దీ అదే దారి. దాన్ని వాళ్లు ఇష్టపడలేదన్న సంగతి పైకి రావడానికి మాత్రం 2019 దాకా పట్టింది. ఆ ఏడాది సుదీర్ఘ సమ్మె ముగిశాక డిసెంబరు 1న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఆర్టీసీ ఉద్యోగులను పంజాగుట్టకు ఆనుకునే ఉన్న ప్రగతి భవన్‌కు పిలిచి మాట్లాడారు. మహిళా కండక్టర్లు చెప్పిన ఇబ్బందుల్లో యూనిఫాం కూడా ఉంది. ఆ తర్వాత ఖాకీ పోయి మెరూన్ రంగు ఆప్రాన్ వచ్చింది. రంగు మారింది సరే, ఆప్రాన్ ఆప్రాన్‌గానే ఉండిపోయింది. అన్ని ఒళ్లకూ ఒకే దుస్తు సరిపెట్టాలంటే ఏ సంస్థకైనా వదులుగా ఉండేదే సులువు.

1980లలో పంజాబీ డ్రెస్ వచ్చి ఈ లెక్కను కదిపింది. మొదట కాలేజీ అమ్మాయిలు, తర్వాత చిన్న ఉద్యోగాల్లో చేరినవాళ్లు. పెద్దవాళ్లు మొదట్లో మూతి ముడిచారు. చాలా బడుల్లో, కాలేజీల్లో లెక్చరమ్మలు చీరే కట్టాలన్న పట్టుదల ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అయితే బండ్లు దాని పక్షాన నిలిచాయి. 1984లో గేర్లు లేని కైనెటిక్ హోండా, తర్వాతి దశాబ్దంలో స్కూటీ వచ్చాయి. చీరకట్టుతో కాళ్లు కలిపి కూర్చుని వెనక సీట్లో ప్రయాణించిన మనిషి ఇప్పుడు ముందు సీట్లోకి వచ్చింది. పవిట చక్రంలో పడుతుందన్న భయం లేని బట్ట కావాలి. 1996లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగాల్లో మూడో వంతు ఆడవాళ్లకు కేటాయిస్తూ నిబంధన రావడంతో ఆఫీసులకు వచ్చే కొత్త తరం ఈ దుస్తునే వెంట తెచ్చుకుంది.

పంజాబీ డ్రెస్ వచ్చినా టైలర్ చేతిలో పని పోలేదు, పెరిగింది. అప్పటి అంగళ్లలో అమ్మింది డ్రెస్ మెటీరియల్. టాప్‌కు రెండున్నర మీటర్లు, బాటమ్‌కు ఇంచుమించు అంతే, ఒక చున్నీ. కుట్టించుకోవడం మన పని. చీరలో కట్టు సర్దేసిన ఒంటితీరును ఇప్పుడు భుజం, ఛాతీ, నడుం, సీటు, చంక చుట్టు, చేతి చుట్టు, పొడవు అంటూ ఏడెనిమిది కొలతల్లో నోట్‌బుక్‌లోకి ఎక్కించాల్సి వచ్చింది. ఆది జాకెట్టు పక్కన ఆది డ్రెస్సూ పుట్టింది. పక్క కోతలు ఎక్కడ మొదలవ్వాలన్నది అప్పట్లో పెద్ద చర్చ. సీటు వెడల్పుగా ఉన్నామెకు కోత నడుం దగ్గరే మొదలైతే నడక హాయి, కిందకు దిగితే బట్ట లాగి ముడత పడుతుంది. నలుగురు మగవాళ్లున్న ఆఫీసు గదిలో రోజంతా టాప్ కిందకు లాక్కుంటూ కూర్చునే ఇబ్బంది ఈ రెండంగుళాల్లో తేలిపోతుంది.

అసలు కుదుపు 1998 తర్వాత. ఆ నవంబరులో ప్రధాని వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించారు. దానికి పది కిలోమీటర్ల దూరంలోని అమీర్‌పేటలో, నగరాభివృద్ధి సంస్థ హుడా కట్టిన మైత్రీవనం, స్వర్ణజయంతి కాంప్లెక్సులు, వెనకున్న ఆదిత్య ఎన్‌క్లేవ్ బ్లాకులు కంప్యూటర్ కోర్సుల బజారైపోయాయి. గుంటూరు, కరీంనగర్, నెల్లూరు, ఖమ్మం, శ్రీకాకుళం నుంచి అమ్మాయిలు వచ్చి ఎస్సార్‌నగర్, అమీర్‌పేట సందుల్లోని లేడీస్ హాస్టళ్లలో దిగారు. గదికి నలుగురు, ట్రంకు పెట్టె మంచం కింద. వాళ్ల బట్టలు ఊళ్లో తెలిసిన టైలర్ కుట్టినవి. ఆ టైలర్‌కు వాళ్ల ఒళ్లు చిన్నప్పట్నుంచీ తెలుసు. ఇక్కడికొచ్చాక ఆ తెలిసినతనం పోయింది. ఇంటర్వ్యూకు పిలుపు అందితే వారం గడువుండదు. రేపే రమ్మంటారు. "ఫార్మల్స్‌లో రావాలి" అని ఒక ముక్క చివర్న చేరుస్తారు.

అబ్బాయికి ఫార్మల్స్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. అమ్మాయికి? చీర కడితే ముసలితనం అన్నారు కొందరు. చుడీదారైతే చాలన్నారు కొందరు. ప్యాంటు, చొక్కా వేసుకుంటేనే మల్టీనేషనల్ కంపెనీ మెచ్చుతుందని కోచింగ్ సెంటర్ల ఇంటర్వ్యూ క్లాసుల్లో చెప్పినవాళ్లూ ఉన్నారు. 1993లో ఇక్కడి మార్కెట్‌లోకి వచ్చిన ఆలెన్ సోలీ 2000ల మొదట్లో ఆడవాళ్ల ఆఫీసు దుస్తులూ మొదలుపెట్టింది. పంజాగుట్ట చౌరస్తాలో హైదరాబాద్ సెంట్రల్ మాల్ తెరిచాక అలాంటి బ్రాండ్లు నడిచి వెళ్లే దూరంలోకి వచ్చాయి. ట్రయల్ రూమ్ అనే చిన్న గది అప్పుడే చాలామందికి పరిచయమైంది. అక్కడే మొదటిసారి, బట్ట కుదరకపోతే తప్పు బట్టది కాదేమో, తమ ఒంటిదేనేమో అన్న అనుమానమూ పుట్టింది. టైలర్ దగ్గర అలా ఎప్పుడూ అనిపించలేదు. అక్కడ కుదరకపోతే తిట్లు టైలర్‌కే పడేవి.

కుదరకపోవడానికి కారణం మాయ ఏమీ కాదు, లెక్క. కంపెనీ ఒక నమూనా ఒంటిని మీడియం అనుకుంటుంది. దానికి సరిపడే నమూనా గీస్తుంది. తర్వాతి సైజుకు ఛాతీ, నడుం, సీటు మూడూ కలిపి ఒకేలా పెంచుతుంది, మామూలుగా రెండేసి అంగుళాలు. భుజాలు, చేతి పొడవు కూడా అంతో ఇంతో పెరుగుతాయి. మనిషి లావయితే అన్ని వైపులా సమానంగా లావవుతుందన్నది అందులోని ఊహ. నిజంలో పొట్ట పెరిగిన మనిషి భుజాలు పెరగవు. ఐదడుగుల ఎత్తున్న ఆమె పొట్ట కోసం ఎక్సెల్ కుర్తీ కొంటే భుజం కుట్టు మోచేతి వైపు దిగిపోతుంది, చేతులు వేళ్ల దాకా వస్తాయి. సీటుకు సరిపోయిన ప్యాంటు నడుం దగ్గర వెనక గుప్పెడంత ఖాళీ వదులుతుంది. ఇక గుండీల చొక్కా సంగతి మరీ అన్యాయం. ఛాతీ నిండుగా ఉన్న మనిషికి రెండో మూడో గుండీల మధ్య సందు తప్పదు, ఒక సైజు పెంచితే మిగతాదంతా గుడారం. డాట్లు వేసి ఆ నిండుదనానికి చోటిచ్చే విద్య మన జాకెట్ టైలర్‌కు ఎప్పటినుంచో తెలుసు. ఆ చొక్కా కుట్టిన ఫ్యాక్టరీకి తెలియక కాదు, చోటిస్తే ఒక్కో చొక్కాకు పని పెరుగుతుంది.

ఒక దేశం ఆడవాళ్లను కొలిచి సైజులు కట్టాలన్న ఆలోచన అమెరికాది. 1939-40లో అక్కడి వ్యవసాయ శాఖలోని గృహశాస్త్ర విభాగం దాదాపు 15 వేలమంది ఆడవాళ్లను, ఒక్కొక్కరిని 59 చోట్ల కొలిపించింది. రూత్ ఓబ్రియన్, విలియం షెల్టన్ ఆ నివేదిక రాశారు. కేటలాగ్ చూసి పోస్టులో తెప్పించుకున్న బట్టలు కుదరక తిరిగి వెళ్లడం కంపెనీలకు అప్పుడే పెద్ద ఖర్చు. లెక్కలోకి తీసుకున్నది మాత్రం తెల్లవాళ్ల కొలతలనే. వాటి ఆధారంగా 1958లో సైజుల ప్రమాణం వచ్చింది. ఒళ్లు మారాయి, కంపెనీలు ఎవరి సైజు వాళ్లే రాసుకోవడం మొదలుపెట్టాయి, 1983లో ప్రభుత్వం దాన్ని ఉపసంహరించుకుంది. అంత పెద్ద కొలత కూడా పాతికేళ్లే నిలిచింది. మనకు ఆ పాతికేళ్లు కూడా లేవు. ఇక్కడి సైజులు విదేశీ పట్టికలకు సొంత అంచనాలు కలిపి కట్టుకున్నవి.

తెలంగాణ ఒళ్ల సంగతి చూస్తే ఆ పట్టికలు ఎందుకు ఓడిపోతాయో తెలుస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలోని ఆడవాళ్లలో పదిమందికి ముగ్గురు అధిక బరువుతో ఉన్నారు. పదిమందికి ఇద్దరు ఉండాల్సినదానికన్నా తక్కువ బరువుతో ఉన్నారు. ఒకే లేడీస్ హాస్టల్‌లో, ఒకే గదిలో రెండు రకాలూ ఉంటారు. సగటు తీసి మీడియం గీస్తే అది ఎవరికీ సరిగా పట్టదు.

దీన్ని సరిచేయడానికి మొదలైన ప్రయత్నంలో హైదరాబాద్‌కు చోటుంది. జౌళి శాఖ తరఫున ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్ చేపట్టిన ఇండియాసైజ్ ప్రాజెక్టు ఆరు నగరాలను ఎంచుకుంది: ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, బెంగళూరు, షిల్లాంగ్, హైదరాబాద్. 15 నుంచి 65 ఏళ్ల మధ్య వయసున్న 25 వేలమందిని త్రీడీ స్కానర్లతో కొలవాలన్నది లక్ష్యం. 1995లో మొదలైన హైదరాబాద్ నిఫ్ట్ మాదాపూర్‌లో, ఆ సాఫ్ట్‌వేర్ ఆఫీసుల పక్కనే ఉంది. టేపు ముట్టుకోకుండా యంత్రం కొలుస్తుందంటే ఒకప్పుడు ఆది జాకెట్టు పంపిన అమ్మమ్మలు మెచ్చుకునేవాళ్లే. 2024 సెప్టెంబరులో కూడా జౌళి మంత్రి గిరిరాజ్ సింగ్ ఇండియాసైజ్ త్వరలో వస్తుందనే చెప్పారు. సర్కారీ త్వరలో ఎంత పొడవుంటుందో తెలియని టైలర్ లేడు.

ఈలోగా అమ్మాయిలు తమ దారి తాము వెతుక్కున్నారు. ప్యాంటు, చొక్కాల ముచ్చట చాలామందికి ఇంటర్వ్యూ దాకే, మహా అయితే తొలి నెల దాకా. తర్వాత ఆఫీసు క్యాబుల్లో కనిపించింది కుర్తీ, లెగ్గింగ్. 1988లో మీనా బింద్రా మొదలుపెట్టిన బిబా, 2000ల మొదట్లో వచ్చిన డబ్ల్యూ లాంటి కంపెనీలు సల్వార్ సెట్టును విడగొట్టి పైది వేరుగా, కిందిది వేరుగా అమ్మడంతో పెద్ద చిక్కు ఒకటి విడిపోయింది. పై ఒంటికి లార్జ్, కింది ఒంటికి మీడియం అయినవాళ్లు ఇక సెట్టు మొత్తం ఒకే సైజులో కొనక్కర్లేదు. సాగే లెగ్గింగ్ నడుం, తొడల కొలతల తగాదాను తేల్చేసింది. చీరకట్టు చేసిన పనిని ఇప్పుడు లైక్రా చేస్తోంది. చెన్నై నుంచి వచ్చిన గో కలర్స్ ఒక్క కింది బట్టలతోనే వ్యాపారం నిలబెట్టిందంటే ఆ అవసరం ఎంతటిదో ఊహించవచ్చు. ఇన్ఫోసిస్ 2015లో రోజూ కచ్చితమైన ఫార్మల్స్ వేసుకోవాలన్న పట్టు సడలించింది. కుర్తీ అప్పటికే ఆ నిబంధనను లోలోపల ఓడించేసింది.

అమీర్‌పేట రోడ్డు ఈ కొత్త దుస్తుకు తగినట్టు మారింది. ఆర్ఎస్ బ్రదర్స్, సౌత్ ఇండియా షాపింగ్ మాల్ లాంటి పెద్ద చీరల అంగళ్లలో కుర్తీల అంతస్తులు వచ్చాయి. 2017 నవంబరులో మెట్రో నడవడం మొదలై అమీర్‌పేట రెండు లైన్లు కలిసే స్టేషనయ్యాక, 2019 మార్చిలో హైటెక్ సిటీ దాకా రైలు వెళ్లాక, ఆఫీసు నుంచి వస్తూ దిగి కొనేవాళ్ల రద్దీ పెరిగింది. స్తంభాల కింద తోపుడు బండ్ల మీద రెండు మూడొందల రూపాయల కుర్తీలు, పంజాగుట్ట స్టేషన్‌ను ఆనుకున్న మాల్‌లో రెండు మూడు వేల రూపాయల కుర్తీలు. రెంటికీ ఒకటే జబ్బు, సైజు. రెంటికీ ఒకటే వైద్యుడు, మెట్ల కింద మిషన్.

ఆల్టరేషన్ మనిషి పని కొత్త బట్ట కుట్టడం కన్నా కష్టమని ఆ పని తెలిసినవాళ్లు అంటారు. లోపలికి పట్టడం సులువు, బయటకు వదలడం గండం. ఫ్యాక్టరీ బట్టలో పక్క కుట్టు దాటి అర అంగుళం గుడ్డ మిగిలితే గొప్ప, మిగతాది ఓవర్‌లాక్ మిషన్ కోసేసి ఉంటుంది. అందుకే తెలివైన కొనుగోలుదారు ఛాతీకి కాకుండా తన ఒంట్లో ఎక్కడ వెడల్పు ఎక్కువో అక్కడికి సరిపోయే సైజు కొని, మిగతాచోట్ల పట్టించుకుంటుంది. భుజం మాత్రం ముందే చూసుకోవాలి. భుజం సరిచేయాలంటే చెయ్యి మొత్తం ఊడదీసి మళ్లీ వెయ్యాలి. "అక్కా, భుజం తప్ప ఏదైనా చేస్తా" అనే మాస్టర్లు ఉన్నారు. చేతుల్లేని కుర్తీలకు లోపల రెండు ముక్కలు కుట్టి పంపుతారు. కావాల్సినవాళ్లు చేతులుగా వేయించుకోవాలని. అంటే కంపెనీకి కూడా తెలుసు, ఈ బట్ట ఇంకో మిషన్ ఎక్కకుండా ఆఫీసుకు వెళ్లదని. కానీ ఆ మిషన్ ఖర్చు ధర చీటీలో ఉండదు. కొన్నామె పర్సులోంచి పోతుంది.

జేబు మాటా ఇక్కడే. మగవాడి చొక్కాకు, ప్యాంటుకు కలిపి నాలుగైదు జేబులు. ఐడీ కార్డు, సెల్‌ఫోన్, మెట్రో కార్డు చేతిలో పట్టుకుని నడిచే అమ్మాయి కుర్తీకి చాలాకాలం ఒక్కటీ లేదు. ఆల్టరేషన్ మిషన్ దగ్గర పక్క కుట్టు విప్పి జేబు పెట్టించుకున్నవాళ్లు ముందు, కంపెనీలు కుర్తీకి జేబుందని గొప్పగా రాసుకోవడం తర్వాత.

2020లో కరోనా ఈ బజారును మూయించింది. హాస్టళ్లు ఖాళీ అయ్యాయి, క్లాసులు ఆన్‌లైన్‌కు మళ్లాయి, ఆఫీసు దుస్తు అంటే కెమెరాలో కనిపించే పై సగమే అయింది. రెండేళ్ల తర్వాత ఆఫీసులు మళ్లీ పిలిచేసరికి బీరువాలోని బట్టలు చాలామందికి పట్టలేదు. ఆల్టరేషన్ మిషన్ల ముందు క్యూలు కట్టించింది ఈసారి ఇంటర్వ్యూలు కాదు, మారిన ఒళ్లు. అదే కాలంలో అమీర్‌పేటలోని సత్యం థియేటర్ చోట 2023లో కొత్త మల్టీప్లెక్స్ లేచింది, చుట్టుపక్కల అద్దెలు పెరిగాయి, మెట్ల కింది మిషన్లు ఇంకా లోపలి సందుల్లోకి జరిగాయి.

మరోవైపు చీర జాకెట్టు కుట్టేవాళ్లు దొరకడం కష్టమవుతోంది. పెళ్లి జాకెట్టుకు మగ్గం పని చేయిస్తే వేలల్లో మిగులుతుంది. ఆఫీసుకు వేసుకునే సాదా కాటన్ జాకెట్టుకు అందులో పిసరంత కూడా రాదు. బొటిక్కు పెట్టుకున్న మాస్టర్ ఏ పనికి మొగ్గుతాడో వేరే చెప్పాలా? రోజూ చీర కట్టే టీచర్లు, బ్యాంకు ఉద్యోగినులు ఈ మార్పుతో గట్టి దెబ్బ తిన్నారు. కుట్టుకూలి ఒక్కోసారి చీర ధరతో పోటీ పడుతోంది, ఇచ్చిన తేదీకి అందదు. వాళ్లలో చాలామంది ఇప్పుడు రెడీమేడ్ జాకెట్టు వైపు చూస్తున్నారు. నలుపు, తెలుపు, బంగారు రంగుల్లో సాగే గుడ్డతో కుట్టినవి పది చీరలకు మ్యాచింగ్ అవుతాయి.

అలా ఇన్నాళ్లూ సైజు అంకెను దగ్గరికి రానివ్వని చీర కూడా చివరకు 34, 36, 38 లెక్కల్లోకి దిగింది. అయితే ఈ రెడీమేడ్ జాకెట్టును తిరగేసి చూస్తే కుర్తీలో కనిపించనిది ఒకటి కనిపిస్తుంది. రెండు పక్కలా అంగుళం, అంగుళంన్నర గుడ్డ లోపల వదిలి ఉంటుంది. 38 అని ముద్రించి, కింద 42 దాకా వదులు చేసుకోవచ్చని రాసి అమ్ముతున్నారు. ఆడవాళ్లు జాకెట్టు కొనేముందు పైరంగు కన్నా లోపలి కుట్టే ముందు చూస్తారని వ్యాపారులకు తెలియడం వల్లే ఆ గుడ్డ అక్కడ మిగిలింది. కుర్తీలు కుట్టే ఫ్యాక్టరీలు ఆ అంగుళాన్ని ఇంకా మిగల్చడం లేదు.